కాజాలు లేని కోటు

దర్జీ కోతబల్ల పక్కన నేల మీద, గోడకి వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. కుడిచేతి మధ్యవేలికి సూది తొడుగు ఇంకా అలాగే ఉంది. బొగ్గు పొగ మింగి పోయినవాళ్ళకి ఒక పాడు లక్షణం ఉంటుంది. బతికున్నప్పటికన్నా చచ్చాకే ఆరోగ్యంగా కనిపిస్తారు. దర్జీ బుగ్గలు ఎర్రగా, ఇప్పుడే ఎండలోంచి నడిచొచ్చిన మనిషి బుగ్గల్లా ఉన్నాయి.

డిటెక్టివ్ గుమ్మంలోనే ఆగి వాచీ చూసుకున్నాడు. తొమ్మిదీ ఇరవై.

పదకొండింటికి అక్కకి ఆపరేషన్. కడుపులో గడ్డ. పదిన్నరకల్లా మీరిద్దరూ పక్కపక్కన నిలబడి నన్ను లోపలికి పంపాలి, లేకపోతే మంచం దిగేది లేదని నిన్న సాయంత్రం ఆసుపత్రిలో కచ్చితంగా చెప్పేసింది. ఇద్దరంటే ఒకడు తను, రెండోవాడు బావ. బావ ఈ ఊరి పోలీసు ఇన్‌స్పెక్టరు. మూడేళ్ళుగా ఆ బావా బావమరుదులు ఒక్క గదిలో పది నిమిషాలు కూర్చున్న పాపాన పోలేదు. తల్లి పోయిన నాటినుంచీ తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి, ఇప్పుడు మొగుడికో వేళ, తమ్ముడికో వేళ వడ్డించలేక అలిసిపోయింది. "నేను పోయాకైనా కలిసి తింటారా?" అని నిన్న నవ్వుతూనే అడిగింది. ఆ నవ్వు డిటెక్టివ్‌ని తెల్లవార్లూ నిద్రపోనివ్వలేదు.

ఆ బావే ఇప్పుడు కోతబల్ల అంచు మీద కూర్చుని, కాలు ఊపుతూ, కానిస్టేబుల్ చేత పంచనామా రాయిస్తున్నాడు. బావమరిదిని చూసి కాలు ఊపడం ఆపాడు.

"రావోయ్. ఎక్కడ దర్జీ తుమ్మినా నీకు మారుమనిషే గుర్తొస్తాడు కదా."

డిటెక్టివ్ బల్ల దగ్గరకి వచ్చాడు. జేబులోంచి ఒక పోస్టుకార్డు తీసి బల్ల మీద పెట్టాడు. అది నిన్న సాయంత్రం నాలుగింటికి అతని ఇంటికి చేరింది. గుండ్రటి అక్షరాలతో రెండే రెండు వాక్యాలు: "అయ్యా, మీరు ఉత్తరంలో రాసిన భుజం నా దగ్గరుంది. దయచేసి ఒకసారి కొట్టుకి రండి."

అది చదివి అతను జేబులో పెట్టుకుని అక్క దగ్గరకి వెళ్ళాడు. దర్జీ ఎక్కడికి పోతాడు, పొద్దున్నే వెళ్ళొచ్చులే అనుకున్నాడు. ఇంతకన్నా పెద్ద పొరపాటు తన జన్మలో చెయ్యలేదని ఇప్పుడు ఆ ఎర్రటి బుగ్గలు చూస్తుంటే తెలుస్తోంది.

మారుమనిషి అన్నది పత్రికలవాళ్ళు పెట్టిన పేరు. అసలు పేరు ఎవరికీ తెలియదు. జడ్జీలకి తలుపులు తీసే ఒక కోర్టు బంట్రోతు కొడుకని మాత్రం తెలుసు. పంతొమ్మిదో ఏట ఓ చిన్న ఊరి కోర్టులో, బదిలీ మీద రావలసిన జడ్జీకి బదులు తనే వచ్చి ఆరు రోజులు కుర్చీలో కూర్చున్నాడు. మూడు తీర్పులిచ్చాడు. అసలు సంగతి బయటపడ్డాక పై కోర్టు ఆ మూడింటినీ తిరగేసి చూసి, చేసేది లేక ఖాయం చేసింది. అది విని అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. రావలసిన జడ్జీ ఏమయ్యాడో ఆరా తీసేదాకా నవ్వారు. ఆ తర్వాత రెండేళ్ళు ఒక బడికి హెడ్మాస్టరు. ఎనిమిది నెలలు రైళ్ళ కంట్రోలు ఆఫీసరు. ఒక వేసవంతా సరుకుల ఓడకి కెప్టెను.

ప్రతిసారీ ఒకటే పద్ధతి. ఉత్తరాల్లో తప్ప ముఖం తెలియని మనిషిని, కొత్త చోటికి బయల్దేరినవాణ్ణి ఎంచుకుంటాడు. వాడు దారిలో మాయమవుతాడు. ఇతను దిగుతాడు. నేను ఫలానా అని తన నోటితో ఎన్నడూ చెప్పడు, ఎదుటివాళ్ళ చేతే అనిపిస్తాడు. పైసా ముట్టడు. అతనికి కావలసింది కుర్చీ ఒక్కటే. పుస్తకాలు ముందేసుకుని పని నేర్చుకుంటాడు, అసలువాడికన్నా శ్రద్ధగా చేస్తాడు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. తనని పక్కకి లాగితే పని కూలిపోయే చోటు చూసుకుని మరీ నిలబడతాడు. రైళ్ళ ఆఫీసులో పట్టుకోవడానికి పోలీసులు వెళ్ళినప్పుడు, ఎదురెదురుగా రెండు రైళ్ళు ఒకే లైను మీద ఉన్నాయని, అవి దాటేదాకా ఆగమని మర్యాదగా చెప్పాడు. ఆగారు. నలభై నిమిషాల తర్వాత రైళ్ళు క్షేమంగా దాటాయి, మనిషి కూడా పక్క తలుపులోంచి క్షేమంగా దాటాడు.

ఇలాంటివాడి వెనక పదకొండేళ్ళు తిరిగి డిటెక్టివ్ సంపాదించిన ఆస్తి ఒకే ఒక కొలత. ప్రతి వేషానికీ ముందు మారుమనిషి ఒక మంచి దర్జీ దగ్గరకి వెళ్తాడు. నాలుగు ఊళ్ళలో నలుగురు దర్జీలూ ఒకే మాట చెప్పారు. ఎడమ భుజం కుడిదానికన్నా అంగుళం పల్లం, లోపల దిండు కుట్టి ఎత్తాలి. మీసం మారుతుంది, మాట మారుతుంది, నడక కూడా మారుతుంది. ఎముక ఎలా మారుతుంది?

మూడేళ్ళ కిందట కెప్టెను కోటు తొడుక్కున్న శవం ఒకటి నీళ్ళలో తేలింది. ముఖం చేపలు తినేశాయి. మారుమనిషి చచ్చాడని బావ రాసేశాడు. దానికి ప్రమోషనూ వచ్చింది, పతకమూ వచ్చింది. పతకం పెట్టిన రోజున డిటెక్టివ్ నలుగురిలో నోరు జారాడు. ఆ శవం భుజాలు రెండూ సమంగా ఉన్నాయనీ, అది అసలు కెప్టెనుదేననీ అన్నాడు. అక్క ఇంట్లో పంక్తి రెండుగా చీలింది ఆ రోజునే.

"చూడు," అన్నాడు బావ, వేలు చూపిస్తూ. "అదిగో కుంపటి. ఇస్త్రీ పెట్టెలోకి బొగ్గులు రాజేసుకునేది. ఈదురుగాలికని కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కుకున్నాడు. కుంపటి ఆర్పకుండా కునుకు తీశాడు. దీనికి డిటెక్టివ్ కూడా ఎందుకు?"

డిటెక్టివ్ కిటికీ దగ్గరకి వెళ్ళాడు. సందులోంచి గుడ్డ ఒకటి లాగి వెలుతురులో పట్టి చూశాడు. బూడిదరంగు ఊలు గుడ్డ, కత్తెర తగలనిది, మూలలో బట్టల కొట్టువాడి సుద్దగుర్తు కూడా చెరగనిది. మడతలు నలిగి, కొనలకి మసి పట్టింది. రెండో కిటికీలోనూ అలాంటిదే, నీలంరంగుది. అతను తలొంచి బల్ల కిందకి చూశాడు. అక్కడ నిండా పేలికలతో గోనెసంచీ ఉంది, మూతి విప్పి ఉంది.

"బావా, దర్జీ ఎవడైనా కిటికీకి ఏం కుక్కుతాడు?"

"గుడ్డ."

"కాళ్ళ దగ్గర సంచీడు పేలికలుంటే, కోటుకని ఎవరో తెచ్చిచ్చిన కొత్త గుడ్డ తీసి కుక్కుతాడా? దీనికి మసి అంటితే రేపు ఆ మనిషికి ఏం చెప్పుకుంటాడు? దర్జీ చావడానికైనా ఒప్పుకుంటాడు గానీ దీనికి మాత్రం ఒప్పుకోడు. ఇది చేతికందింది అందుకున్నవాడి పని. పైగా తలుపు గొళ్ళెం లోపల వెయ్యలేదు. దగ్గరగా లాగి ఉందంతే."

బావ ముఖం గంటు పెట్టుకున్నాడు. నీకు ప్రతి చావూ హత్యే, ప్రతి కోటూ మారుమనిషిదే అన్నాడు. అయినా పంచనామా రాస్తున్న కానిస్టేబుల్‌కి ఆగమని చేత్తో సైగ చేశాడు. అది డిటెక్టివ్ చూడనట్టు నటించాడు. బావలో పోలీసు ఇంకా చావలేదని అతనికి ఎప్పుడూ ఒక మూల ఆశ.

దర్జీ తల వెనక, జుట్టు కింద, నిమ్మకాయంత బొప్పి ఉంది. కొలతల పుస్తకం బల్ల సొరుగులో దొరికింది. వరస నంబర్లలో నూట నలభై రెండు తర్వాత నూట నలభై నాలుగు ఉంది. మధ్య కాగితాన్ని ఎవరో జాగ్రత్తగా, స్కేలు ఆనించి చింపారు. ఆ భుజం గురించి డిటెక్టివ్ దర్జీకి రాసిన ఉత్తరం కొట్టు మొత్తం వెతికినా లేదు.

తొమ్మిదీ యాభైకి అతను వెనక వసారాలోకి వెళ్ళాడు. దర్జీ భార్య మెట్టు మీద కూర్చుని, ఒళ్ళో ఎవరిదో కోటు పెట్టుకుని కాజాలు కుడుతోంది. ఏడుపు లేదు. సూది మాత్రం ఆగడంలేదు. ముప్ఫై ఏళ్ళుగా కోత ఆయనది, కాజాలు తనవి అని ఆమే చెప్పింది. చేతులు ఆపితే ఏమవుతుందో తనకే భయంగా ఉందని కూడా చెప్పింది.

నిన్న సాయంత్రం ఆరున్నరకి ఆమె బాలింత కూతురి ఇంటికి వెళ్ళింది. పొద్దున ఏడున్నరకి తిరిగొచ్చి తలుపు తోసింది. నిన్న ఆమె బయల్దేరేటప్పటికి కొట్లో గిరాకీ ఒక్కరే ఉన్నారు, తెల్ల అంగీలాయన. ఆరు వారాల కిందట మొదటిసారి వచ్చి ఒక కోటూ, ఆరు తెల్ల అంగీలూ కుట్టమన్నాడు. కోటు ఎప్పుడో పట్టుకెళ్ళాడు. అంగీలలో ఆఖరి రెండూ నిన్న ఇవ్వాలి.

"ఏం పని చేస్తాడో చెప్పాడా అమ్మా?"

"ఆయన చెప్పలేదు బాబూ. మా ఆయనే అడిగారు, పెద్ద హోటల్లో వంటమాస్టరా అండీ అని. నవ్వి ఊరుకున్నాడు. సరే వంటమాస్టరే కాబోలు అనుకున్నాం."

డిటెక్టివ్ ఒక మెట్టు దిగి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. భుజం సంగతి అడిగాడు. ఎడమ భుజం పల్లమేనంది ఆమె. కోటుకి దిండు పెట్టించుకున్నాడంటే అర్థముంది, పొయ్యి దగ్గర నిలబడే తెల్ల అంగీకి కూడా దిండు కావాలంటాడేమిటని మొగుడూ పెళ్ళాం ఆ మధ్య ఒక రాత్రి అన్నం దగ్గర నవ్వుకున్నారట. ఆ తర్వాత ఆమె సూది మొదటిసారి ఆగింది.

"నిన్న ఆ అంగీ తొడిగి చూస్తూ మా ఆయన నోట్లో గుండుసూదులు తీసి మాట్లాడారు బాబూ. కొలతలప్పుడు కబుర్లు చెప్పకపోతే ఆయనకి చెయ్యి ఆడదు. 'మీ భుజం గురించి ఎవరో డిటెక్టివ్‌గారు ఉత్తరం రాశారండీ, మీరు మహా గొప్పవారై ఉండాలి' అన్నారు. ఉత్తరం తీసి చూపించారు కూడా. ఆ అంగీలాయన చదివాడు. రెండుసార్లు చదివాడు. మంచి దస్తూరీ అన్నాడు."

డిటెక్టివ్‌ది ఆ దస్తూరీ. ఊళ్ళో కోట్లు కుట్టే పదకొండుమందికీ రాత్రి పగలు కూర్చుని తన చేత్తో తనే రాసిన ఉత్తరాలు. జాగ్రత్తగా ఉండమని, ఆ మనిషికి చెప్పొద్దని ఒక్క ముక్క రాసి ఉంటే ఈమె ఇవాళ ఇక్కడ ఇలా కూర్చునేది కాదు. క్షమించమని అడుగుదామనుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని అడగాలో తెలియలేదు.

ఆమే లేచింది. పుస్తకంలో కాగితం పోతే పోయింది గానీ నమూనా పోదు కదా అంటూ లోపలికి నడిచింది. కోతబల్ల వెనక గోడకి మేకులున్నాయి. మేకులకి గోధుమరంగు కాగితం కత్తిరింపులు గుత్తులుగా వేలాడుతున్నాయి. పదిమంది పోలీసులు పొద్దుటినుంచీ వాటిని ఒరుసుకుంటూ తిరిగారు, ఒక్కడూ తలెత్తి చూడలేదు. చంపినవాడూ చూడలేదు. కొలతలంటే పుస్తకంలో ఉంటాయని చదువుకున్నవాడు అనుకుంటాడు. దర్జీకి పుస్తకం బాకీదారుల కోసం, బట్ట కోసం కాదు.

"సమంగా ఉన్న మనిషికి సగం నమూనానే కోస్తారు బాబూ. గుడ్డ మడతపెట్టి వేస్తే రెండో సగం అదే వస్తుంది. రెండు వైపులా విడివిడిగా కోశారంటే ఆ మనిషి వంకర." ఆమె వేళ్ళు గుత్తుల మీద గబగబా పరిగెత్తి ఒకచోట ఆగాయి. "ఇదిగో. కొట్టు మొత్తానికి జంట నమూనా ఇదొక్కటే."

డిటెక్టివ్ రెండు కాగితాలనీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. ఎడమ భుజం గీత కుడిదానికన్నా అంగుళం కిందకి జారింది. జేబులోంచి తన పాత నోటుబుక్కు తీసి కొలతలు సరిచూశాడు. చంక నుంచి నడుము దాకా, మెడ నుంచి భుజం చివర దాకా, నూలుపోగంత తేడా లేదు. బతికే ఉన్నాడు. ఈ ఊళ్ళోనే ఉన్నాడు.

"ఊళ్ళో వంటవాళ్ళందర్నీ పట్టుకొచ్చి భుజాలు కొలుద్దామంటావా?" అన్నాడు బావ గుమ్మంలోంచి. గొంతులో వెటకారం ఉంది గానీ మునుపటి బలం లేదు.

డిటెక్టివ్ ఆమె వైపే తిరిగి, ఆ అంగీ ఎలా ఉంటుందో చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. మోకాళ్ళ కిందదాకా పొడుగు, పొడుగు చేతులు. ముందు ఏమీ లేదు, అంతా వెనకే, నాలుగుచోట్ల నాడాలతో కట్టుకోవాలి.

"ఈ ముప్ఫై ఏళ్ళలో నేను కాజా కుట్టని కోటంటూ ఉంటే అదొక్కటే. ఎవరో వెనకనించి కడితే తప్ప సొంతంగా తొడుక్కోలేడు. నిన్న మా ఆయన కట్టారు. కట్టాక ఆ మనిషి అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇలా."

ఆమె చేతిలోని సూదిని కొంగుకి గుచ్చి పెట్టుకుంది. మోచేతులు మడిచి, రెండు అరచేతులూ తన వైపు తిప్పుకుని, ఛాతీ ముందు పైకెత్తి పట్టుకుంది. బల్లకీ గోడకీ దేనికీ తగలకుండా జాగ్రత్తగా ఒక అడుగు వెనక్కి వేసింది.

డిటెక్టివ్ తలతిప్పి బావని చూశాడు. బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"సర్జన్," అన్నాడు బావ. "చేతులు కడుక్కున్నాక సర్జన్లు అలా నిలబడతారు."

ఆరు వారాల కిందట ఆసుపత్రికి కొత్త సర్జన్ వచ్చాడు. దూరం ఊరినుంచి బదిలీ. ఎనిమిది ఆపరేషన్లు చేస్తే ఎనిమిదిమందీ నడుచుకుంటూ ఇళ్ళకెళ్ళారు. హస్తవాసి గొప్పదని ఊరంతా ఒకటే పొగడ్త, అందరికన్నా ఎక్కువ పొగిడింది బావే. అసలు రైలు దిగినప్పుడు స్టేషనుకి కారు తీసుకెళ్ళింది కూడా బావే. ఇప్పుడా సంగతి ఒక్కొక్క మాటా పళ్ళ మధ్యనుంచి పీకుతున్నట్టు చెప్పాడు.

"నేనే ఎదురెళ్ళానురా. మీరే కదండీ కొత్త సర్జన్‌గారు అని నేనే అన్నాను. అవునని కూడా అనలేదు. నవ్వాడు."

పదీ ఐదు. ఎదురుగా వాచీల కొట్లో ఫోను ఉంది. ఆపరేషన్ పదకొండింటికి. ఇంకా యాభై ఐదు నిమిషాలుంది, గొంతు సరిచేసుకుని నెమ్మదిగా మాట్లాడాలి, అవతల అనుమానం రాకూడదు అని డిటెక్టివ్ తనకి తనే చెప్పుకుంటూ రోడ్డు దాటాడు. ఆసుపత్రి ఆపరేటరు చాలా మర్యాదగా జవాబిచ్చింది. డాక్టరుగారు ఆపరేషన్ ముందుకి జరిపారు. ఇన్‌స్పెక్టరుగారి భార్యని తొమ్మిదీ నలభైకే లోపలికి తీసుకెళ్ళారు. మీ ఇద్దరి కోసం ఆవిడ గుమ్మం దగ్గర కాసేపు ఆగుతానన్నారు గానీ, మత్తు ఇచ్చేశారు.

పోలీసు కారులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. మూడేళ్ళలో అదే మొదటిసారి. బావ రెండు మాటలే మాట్లాడాడు. ఆ రోజు నీ మాట వినాల్సింది అన్నాడు. తర్వాత, వాడెందుకు పారిపోలేదు అని అడిగాడు. డిటెక్టివ్‌కి జవాబు తెలుసు. పారిపోతే అతను దొంగ. అక్కడ నిలబడితే డాక్టరు.

పదీ ఇరవైకి వాళ్ళు ఆపరేషన్ గది ముందున్నారు. పెద్ద నర్సు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. బావ ఆమెని పక్కకి తోసి తలుపు తెరిచాడు.

తెల్లటి దీపం కింద, తెల్లటి దుప్పట్ల మధ్య, చదరపు ముక్కలా కనిపిస్తున్న కొంచెం శరీరం. అది అక్క అని నమ్మడానికి డిటెక్టివ్‌కి ఒక్క క్షణం పట్టింది. తలవైపు మత్తు డాక్టరు కూర్చుని చెవులకి స్టెతస్కోపు గొట్టాలు పెట్టుకుని ఉన్నాడు. పక్కన తెల్ల అంగీ, తెల్ల గుడ్డ కట్టిన ముఖం. భుజాలు రెండూ చక్కగా సమంగా ఉన్నాయి.

"తలుపు వెయ్యండి, దుమ్ము వస్తుంది," అన్నాడు సర్జన్, తలెత్తకుండా. "దర్జీ కొట్లో ఉన్నాను, రావడం ఆలస్యమవుతుందని ఇన్‌స్పెక్టరుగారు తొమ్మిదింటికి ఫోను చేశారు. అందుకే త్వరగా మొదలుపెట్టాను."

బావ తుపాకీ తీశాడు.

"మీరు నన్ను తీసుకెళ్ళొచ్చు," అన్నాడు సర్జన్, అదే మర్యాదతో. "కోసింది నేను. మూసేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, చేతులు కడుక్కుని వచ్చేస్తాను."

డిటెక్టివ్ నర్సు వైపు చూశాడు. కత్తి పట్టగల ఇంకో డాక్టరు ఉన్నది నాలుగు గంటల దూరంలోనని ఆమె గొణిగింది. ఆమెకి ఇంకా ఏమీ అర్థం కాలేదు, తుపాకీని మాత్రం చూస్తోంది.

"బావా, దించు."

"అది నా పెళ్ళాంరా."

"నాకు అమ్మ. దించు."

తుపాకీ కిందకి దిగింది. పదకొండేళ్ళుగా డిటెక్టివ్ ఈ ఘడియ గురించి ఎన్నెన్నో ఊహించుకున్నాడు. పట్టుకున్నాక ఏం మాట్లాడాలో కూడా సిద్ధం చేసుకున్నాడు. ఆ మాటలు ఒక్కటీ రాలేదు. ఈ చేతులు ఆగకూడదు, ఈ దొంగ చేతులు, ఐదుగురిని మాయం చేసిన చేతులు, తప్పు చెయ్యకూడదు అని లోపల ప్రాధేయపడుతున్నాడు. తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా ప్రాధేయపడటం మానలేదు.

అప్పుడు ఆ చేతులు ఆగాయి.

కుడిచెయ్యి గాల్లో ఉండిపోయింది. ఎడమచెయ్యి లోపలే ఉంది, మణికట్టు దాకా. మత్తు డాక్టరు తలెత్తి, నాడి పడిపోతోందండీ అన్నాడు. సర్జన్ నుదుటి మీద చెమట పోసింది. డిటెక్టివ్ అడుగు ముందుకి వేసి ఆ కళ్ళలోకి చూశాడు. జడ్జీ, హెడ్మాస్టరు, కంట్రోలు ఆఫీసరు, కెప్టెను, నాలుగు జీవితాల్లో ఎవరూ చూడనిది అతను ఇవాళ చూశాడు. ఆ మనిషికి భయం వేసింది.

"ఇది గడ్డ కాదు," అన్నాడు సర్జన్. గొంతు తగ్గింది, మర్యాద పోయింది. "గడ్డ కొట్టుకోదు. ఇది కొట్టుకుంటోంది. పెద్ద రక్తనాళం ఉబ్బింది. పక్కన చిన్న కోత పడింది, వేలితో నొక్కి పట్టుకున్నాను. వేలు తీస్తే అయిపోతుంది."

"తర్వాత ఏం చెయ్యాలి?"

సర్జన్ తలుపు వైపు చూశాడు.

"పై అంతస్తులో నా గది. బల్ల మీద ఆకుపచ్చ అట్ట పుస్తకం. నాలుగో భాగం, రక్తనాళాలు. పరిగెత్తండి."

డిటెక్టివ్ పరిగెత్తాడు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. గది తలుపు తీసే ఉంది. మంచం మీద దుప్పటి నలగలేదు, బల్ల మీద లావాటి ఆకుపచ్చ పుస్తకం, పక్కనే దీపం. ఖరీదైన విదేశీ పుస్తకం. పేజీల అంచులు అతికి ఉండి, చదివేవాడు కత్తితో ఒక్కొక్కటే విడదీసుకోవలసిన రకం. కత్తి పుస్తకంలోనే ఉంది, చదవడం ఆపినచోట గుర్తుగా.

అతను విషయసూచిక తెరిచాడు. పెన్సిలుతో ఎనిమిది చోట్ల చిన్న చిన్న టిక్కులున్నాయి. ఎనిమిదీ మొదటి రెండు భాగాల్లోవే. ఎనిమిది ఆపరేషన్లు, ఎనిమిదిమందీ నడిచి ఇంటికెళ్ళారు. కత్తి మూడో భాగం మొదట్లో ఉంది. అక్కడినుంచి చివరిదాకా పేజీలన్నీ అతుక్కునే ఉన్నాయి. నాలుగో భాగం ఇంతవరకూ ఎవరూ తెరవలేదు.

కింద గదిలో బావ పెద్దగా అక్క పేరు పిలుస్తున్నాడు.

డిటెక్టివ్ పుస్తకం ఛాతీకి అదుముకుని, కత్తి చేతపట్టుకుని, మెట్లు దిగుతూనే పేజీలు కొయ్యడం మొదలుపెట్టాడు. మూడో మెట్టు దగ్గర కత్తి పక్కకి పోయి, రక్తనాళాల బొమ్మ అడ్డంగా చిరిగింది.